బూట్ల వెనక వదిన

పొద్దున్నే ఆరింటికి ఇస్త్రీ వదిన తలుపు తీస్తుంది. ముందు మొగుడి బూట్లు బయటికొస్తాయి, వాటి వెనక వదిన వస్తుంది. మొగుడు పోయి ఏడాదైంది. బూట్లు మాత్రం పని మానలేదు. వాటి వెంబడే లాండ్రీకి వెళ్లి, ముప్ఫై దుప్పట్లు ఇస్త్రీ చేసి, వాటి వెంబడే తిరిగొస్తుంది. వీధిలో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. పక్కింటి పిన్ని ఒకత్తే, "కాస్త పాలిష్ అయినా పెట్టవే, చూళ్లేకపోతున్నాం" అంది. ఆ పిన్ని తన గుమ్మం ఊడ్చి ఎన్నాళ్లయిందో అడక్కండి.

బతికుండగా ఆయన వ్యాను నడిపేవాడు. దారి తప్పడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. అడగడం మాత్రం నామోషీ. వదినే కిటికీలోంచి తల బయటపెట్టి దారినపోయేవాళ్లను అడిగేది, వాళ్లు చెప్పేవాళ్లు, ఆయన తనకు తోచినవైపు తిప్పేవాడు. పదిహేనేళ్ల కాపురం అలాగే గడిచింది. అందుకని వదినకు అడగడం బాగా వచ్చు. జవాబు వినే అలవాటే లేదు.

ఇప్పుడు లాండ్రీ మూసేస్తున్నారు. స్పానిష్ మాట్లాడే దేశంలో ఒక హోటలుకు ఇస్త్రీ మనిషి కావాలట. పరీక్ష చిన్నదే: వీధి మలుపులో నిలబడ్డ వాళ్ల మనిషిని స్పానిష్‌లో దారి అడిగి, చెప్పిన చోటికి చేరాలి. ఉద్యోగం ఒక్కటే. అది రాకపోతే బావగారింట్లో వంటకు కుదురుకోవడమే. ఆ సంగతి బావగారే, మహా ఉపకారంలా, నలుగురిలో చెప్పాడు.

ఓడలో వంట చేసి రిటైరైన మాస్టారు స్పానిష్ పాఠం చెప్పేవాడు.

"ఎడమంటే ఇస్కియెర్ద, కుడంటే దెరెచ. ఏమ్మా, అడిగేసి, తలూపేసి వెళ్లిపోతున్నావు. నేనెటు చెప్పాను?"

"ఏమోనండి."

"మరి ఎటు పోతున్నావు?"

"అవి ఎటు పోతే అటు."

మాస్టారు బూట్లకేసి చూశాడు. "అవి మన క్లాసులో చేరలేదమ్మా" అన్నాడు.

పరీక్ష రోజున, అదే ఉద్యోగానికి వచ్చిన దర్జీ ముందు వెళ్లాడు. నోరు తిరగని మాటలన్నీ తిప్పి, తాను మాత్రం తప్పు సందులో తిరిగి, చేపల దుకాణంలో తేలాడు.

తర్వాత వదిన. "దోందే ఎస్తా ల ఒఫిసీనా?" అంది. ఆఫీసెక్కడండీ అని.

"తోదో రెక్తో. ల సెగుంద అ ల ఇస్కియెర్ద," అన్నాడతను.

వదిన తలూపింది. బూట్లు మొదటి సందులోనే కుడికి తిరిగాయి. అటు ఆయన పేకాడే చోటు. వదిన కాలూ అటే లేచింది. లేచిన కాలు అక్కడే ఆగింది. ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. వెనక్కొచ్చి, "ఒత్ర వెస్, పోర్ ఫవోర్" అంది. మళ్లీ చెప్పమని.

అతను మళ్లీ చెప్పాడు. ఈసారి వింది. తిన్నగా పోయి, రెండో సందు ఎడమకు.

తిన్నగా నడిచింది. ఒక సందు దాటింది. రెండోది వచ్చింది. ఎడమకు తిరిగింది.

ఆఫీసు తలుపు తెరిచే ఉంది. లోపల బల్ల ముందు ఒకావిడ కాగితాలతో కూర్చుని ఉంది. వదిన లోపలికి అడుగు పెట్టాక వెనక టకటకా చప్పుడైంది. ఆయన బతికుండగా అంత తొందరగా నడవడం ఎవరమూ ఎరగం. బూట్లు వచ్చి గుమ్మం బయట ఆగాయి.

ఆవిడ వాటిని చూసింది, వదినను చూసింది.

"సియెర్రె ల పుయెర్త," అంది. తలుపు వేసెయ్యమని.

రెండోసారి అడగాల్సిన పని పడలేదు. వదిన తలుపు వేసింది.