ఆవిరి కనబడని కరెంటు

నేను ఒక వాల్వును. ఆ మాట వినగానే సైకిల్ ట్యూబుకుండే బుడిపె గుర్తొస్తే అందులో మీ తప్పేం లేదు, లోకంలో నాకున్న పరపతి అంత. మీ పెరట్లో నీళ్ల గొట్టానికుండే తిప్పుడు పంపును తలచుకోండి. దాన్ని మనిషి ఛాతీ ఎత్తుకు పెంచి, నెత్తిన లారీ స్టీరింగంత చక్రం పెట్టండి. అదీ నేను. చక్రం ఒకవైపు తిప్పితే లోపలి ఉక్కు తలుపు దిగి దారి మూసేస్తుంది, రెండోవైపు తిప్పితే లేచి దారి ఇస్తుంది. ఈ రెండు పనులు తప్ప నాకు మూడోది రాదు. ఆ రెండూ సరిగ్గా చేసుకోనివ్వలేదన్నదే నా ఏడుపు.

కోయంబత్తూరు దగ్గర ఒక ఫౌండ్రీలో పుట్టాను. కరిగిన ఉక్కును ఇసుక అచ్చులో పోసి, చల్లారాక బయటికి లాగి, గరుకంతా తీసి, లోపల ఒత్తిడితో నీళ్లు నింపి పరీక్ష పెట్టారు. ఒక్క చుక్క కారలేదు. అక్కడి మేస్త్రీ నా వీపు చరిచి సుద్దముక్కతో టిక్కు పెట్టాడు. నాతోపాటు పోతపోసిన వాళ్లలో కొందరు నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీలకు వెళ్లారు, కొందరు ఓడలెక్కారు. నన్ను మాత్రం గోదావరి ఒడ్డు అడవుల్లో బొగ్గు వెతికేవాళ్లు కొన్నారు.

ఉడుకులగుంపు అనే కోయపల్లె పక్కన వాళ్ల డేరాలు ఉండేవి. వాగు ఒడ్డున అక్కడక్కడా వేడినీళ్లు ఊరుతుంటాయి కాబట్టి ఊరికి ఆ పేరు. పేరులోనే సంగతంతా ఉన్నా వినిపించుకోకుండా బొగ్గు కోసం బోరు దింపారు. బొగ్గు తగల్లేదు. సలసల కాగే నీళ్లు తాడిచెట్టంత ఎత్తు తన్నుకొచ్చాయి. డేరాల పెద్దాఫీసరు నెత్తిన చేతులు పెట్టుకుని, "మన ఖర్మ, మళ్లీ నీళ్లే" అన్నాడు.

మీరే చెప్పండి. బొగ్గు ఎందుకు తవ్వుతారు? మండించడానికి. ఎందుకు మండిస్తారు? నీళ్లు మరిగించి, ఆ ఆవిరితో చక్రం తిప్పి కరెంటు తీయడానికి. నిప్పు లేకుండా, పొగ లేకుండా, ఆ వేడి తనంతట తానే కాళ్ల దగ్గరికొస్తే ఖర్మ అంటారా? భూమి లోపల ఎప్పటికీ ఆరని వేడి ఉంది. వాన నీళ్లు బండల పగుళ్ల వెంట దిగి, అక్కడి రాతిని తాకి, కాగి, దారి దొరికితే పైకొస్తాయి. ఎండాకాలం, వానాకాలం, పగలు, రాత్రి అన్న తేడా ఉండదు. మబ్బు పట్టిందనీ గాలి పడిపోయిందనీ ఆ వేడి సాకులు చెప్పదు. ఇంత చెప్పినా ఆ బొగ్గువాళ్లకు ఎక్కదు. వెతికింది దొరకలేదన్న బాధలో, దొరికినదాన్ని చూడటం మానేస్తారు మనుషులు.

బోరు మూతికి నన్ను బిగించి డేరాలు ఎత్తేశారు. పోతూ పోతూ, పూర్తిగా మూస్తే ఒత్తిడికి నేల ఇంకెక్కడ పగులుతుందోనని భయపడి, నన్ను తెరిచే ఉంచారు. అలా ఏళ్లు గడిచాయి. మూయడానికి పుట్టినవాణ్ని నోరు తెరుచుకుని నిలబడ్డాను. కాలువ కట్టి వేడినీళ్లను వాగులోకి వదిలారు. జీపుల్లో వచ్చేవాళ్లు నా పక్కన గుడ్లు ఉడకబెట్టుకు తిన్నారు. థర్మామీటర్లు పట్టుకొచ్చిన పెద్దమనుషులకైతే లెక్కేలేదు. వచ్చిన ప్రతివాడూ వేలు ముంచి, "అబ్బో, కాలుతోంది" అని, దీంతో కరెంటు తీయొచ్చని చెప్పి జీపెక్కేవాడు. తీయొచ్చని నాకూ తెలుసు నాయనా. తీసేది ఎవరు?

ఆ జీపుల మధ్యలోంచి బిందె మోసుకుంటూ వెళ్లేది పాయం జోగమ్మ. ఈ కథలో నష్టం ఆమెదే కాబట్టి ఆమె గురించి చెప్పాలి. ఉడుకులగుంపులో ఎక్కడ తవ్వినా వేడినీళ్లే, గంధకం కంపు, నోట్లో పెట్టుకోలేం. తాగడానికి పనికొచ్చే నీళ్లు కింద వాగు పక్కన ఊటబావిలో ఉన్నాయి. అక్కడినుంచి పైకి నిటారు గట్టు. ఊరి ఆడవాళ్లంతా ఆ గట్టెక్కి మోయాల్సిందే. జోగమ్మ పెళ్లై వచ్చిన మర్నాటినుంచి మోస్తూ మోస్తూ మోకాళ్లు అరగదీసుకుంది. గట్టెక్కాక నా దగ్గర బిందె దించి, కాలువలో నీళ్లు కాస్త చల్లారిన చోట కాళ్లు పెట్టి మోకాళ్లకు కాపడం పెట్టుకునేది. చల్లటి నీళ్లు తెచ్చిన నొప్పికి వేడినీళ్లు మందన్నమాట. బావికి మోటారు పెడితే అందరి బాధా తీరుతుంది. అడిగితే, ఉన్న లైను బల్బులకే చాలదన్నారు, మోటారుకు కొత్త లైను వేయాలంటే అడవిశాఖ ఒప్పుకోదన్నారు. చిత్రమేమిటంటే, వాగు అవతలి బొగ్గు ప్లాంటునుంచి పట్నాలకు కరెంటు మోసే పెద్ద తీగలు సరిగ్గా ఆ ఊరి నెత్తిమీదుగానే పోతాయి.

చివరికి ఒక ఎండాకాలం రెండు లారీల్లో యంత్రం వచ్చింది. వెంట ప్రసూన అనే ఇంజనీరు. చిన్న యంత్రమే. కొంతకాలం నడిపి చూసి, పెద్దది పెట్టాలా వద్దా అని పైవాళ్లు తేలుస్తారట. నడిచినన్నాళ్లూ ఆ కరెంటు ఊటబావి మోటారుకు ఇస్తామని ప్రసూన ఊళ్లోవాళ్లకు మాటిచ్చింది. జోగమ్మ బిందె పక్కన పెట్టి ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఏం మండిస్తరు బిడ్డా ఇందులో?"

"ఏం మండించం పెద్దమ్మా. ఈ నీళ్లలో వేడి ఉంది కదా, అదొక్కటే తీసుకుంటాం."

"నీళ్లో?"

"వేడి తీసుకున్నాక అదిగో, కొత్తగా వేసిన ఆ రెండో బోరులోంచి మళ్లీ భూమిలోకే పంపిస్తాం. కిందికి పోయి మళ్లీ కాగుతాయి."

జోగమ్మ, "తీసుకున్నది తిరిగి ఇస్తరన్నమాట. ఐతే మంచిదే" అంది.

ఆ యంత్రం తీరు నాకు భలే నచ్చింది. మా నీళ్ల వేడి పెద్ద చక్రాన్ని నేరుగా తిప్పేంత కాదు. అందుకని యంత్రంలో ఇంకో ద్రవం పోశారు. అది ముక్కోపి, కొంచెం వేడి తగిలితే చాలు, మరిగి ఆవిరైపోతుంది. మా నీళ్లు ఒక గొట్టంలో, అది పక్క గొట్టంలో. ఒకదాన్నొకటి ముట్టుకోవు, వేడి మాత్రం గోడ దాటుతుంది. ఆ ఆవిరి పోయి, అన్నం కుండ మూతను ఎగరేసినట్టు, చక్రం రెక్కలను నెడుతుంది. చక్రం తిరిగితే కరెంటు. పని అయ్యాక ఆ ఆవిరిని చల్లబరిస్తే మళ్లీ ద్రవమై మొదటికొస్తుంది. బయటికి పోయేదంటూ ఏమీ లేదు. పొగ, బూడిద లేవు, చివరికి ఆవిరి కూడా కనబడదు.

యంత్రానికి పోయే గొట్టాన్ని నాకు కిందుగా బోరు పక్కనుంచి తీశారు. ఇక నీళ్లు అటు మళ్లాలంటే పైన నేను మూసుకోవాలి. ప్రసూన చక్రం పట్టుకుని నెమ్మదిగా తిప్పింది. ఇన్నేళ్ల తరవాత నా తలుపు దిగింది. దిగి, కూర్చుని, చుక్క పోనివ్వకుండా పట్టింది. నోరు మూసుకుని ఉండటమే ఘనకార్యం అయ్యే చోటు ఒకటుందని ఆ రోజు తెలిసింది. షెడ్డులో యంత్రం కూనిరాగం తీసింది. కింద వాగు దగ్గర మోటారు ఎత్తుకుంది.

ఊరి మధ్య కుళాయిలోంచి చల్లటి నీళ్లు పడుతుంటే ఆడవాళ్లు బిందెలతో ఎగబడ్డారు. జోగమ్మ ఒక్క అరుపుతో ఆపేసింది. కోయవాళ్లు కొత్త పంటను కొత్తల పండుగ చేసి, వేల్పుకు పెట్టకుండా నోట పెట్టరు. కొత్తనీళ్లకూ అదే మర్యాద అని ఆమె తీర్పు. మొదటి బిందె పట్టుకుని తిన్నగా నా దగ్గరికొచ్చింది. పసుపు రాసి, నాలుగు ఇప్పపూలు పెట్టి, ఒక చెంబెడు చల్లటి నీళ్లు నా నెత్తిన పోసింది. సుయ్యిమన్నాను. పుట్టినప్పటినుంచి కాగుతూ బతికినవాడికి ఆ చల్లదనం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. ఆ తరవాతే ఊరు నీళ్లు తాగింది.

ఆ సంతోషం వానాకాలం వెళ్లేదాకా ఉంది. పైవాళ్లు తేల్చే రోజు రానే వచ్చింది. కార్లు, పూలదండలు, మైకు. తేల్చడానికొచ్చిన కమిటీకి పెద్దాయన షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగి, ఆకాశం వంక చూసి మొహం ముడిచాడు.

"నడుస్తుందామ్మా ఇది?"

"నడుస్తోంది సార్. మీ మైకు దీని కరెంటుతోనే."

"మరి ఏం కనబడదేంది? ఆవిరి పైకి లేవాలె గదా. పేపరోళ్లు వచ్చిన్రు, ఫొటోల ఏం పడ్తది? ఈ రేకుల షెడ్డా?"

"ఇందులో ఏదీ బయటికి రాదు సార్. అదే దీని గొప్ప."

"గొప్ప సరేనమ్మా. కనబడాలె గదా." ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. "అది తిప్పితే లేస్తది గదా. తిప్పించు."

అది తిప్పితే యంత్రానికి వేడి అందదని, ఆగిపోతుందని ప్రసూన చెప్పింది. ఒకసారి కాదు, మూడు రకాలుగా చెప్పింది. రెండు నిమిషాలకేం కాదని ఆయన అన్నాడు. పక్కనున్నవాళ్లంతా రెండు నిమిషాలకేం కాదన్నారు. ఎవరో అప్పటికే నా చక్రం మీద చెయ్యి వేశారు. నేను బిగుసుకున్నాను, ఇద్దరు పట్టి తిప్పేశారు.

ఇన్నాళ్లూ అణిగి ఉన్న నీళ్లు బోరు అడుగున పేరుకున్న ఇసుకనంతా లేపుకుని నాలోంచి ఎగిరాయి. తెల్లటి ఆవిరి చెట్లను మించి లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు, కెమెరాలు టకటకమన్నాయి. ఆయన మైకు దగ్గరికి పోయి, భూమాత గర్భంలోంచి వెలుగు అన్న మాట మొదలుపెట్టాడు. వెలుగు దగ్గరే మైకు ఆగిపోయింది. షెడ్డులో రాగం కూడా ఆగింది. కుళాయి కింద ఎవరో పెట్టిన బిందె సగంలోనే ఆగిపోయింది.

ప్రసూన పరుగెత్తుకొచ్చి నన్ను మూయబోయింది. తలుపు దిగే దారిలో ఇసుక, రాళ్లు ఇరుక్కున్నాయి. మెల్లిగా ఆడిస్తూ కడిగితే దిగేవాణ్ని. ఆ తీరిక ఎవరికుంది? చక్రంలో గడ్డపార దూర్చి నలుగురు వేలాడారు. చక్రాన్నీ తలుపునూ కలిపే నా కాడ వంగింది. అటూ ఇటూ కాకుండా సగంలో ఆగిపోయాను, ఈనాటికీ అలాగే ఉన్నాను. గెస్టుహౌస్‌లో నాటుకోడి చల్లారిపోతోందని కమిటీ కార్లెక్కింది. పరీక్ష జరుగుతుండగా యంత్రం తనంతట తానే ఆగిపోయిందని వాళ్లు రాసుకున్నారట. తనంతట తానేనట! నా బదులు కొత్త వాల్వు తెప్పించమని ప్రసూన తిరగని ఆఫీసు లేదు. ఆ లోపు గడువైపోయి యంత్రాన్ని లారీకెత్తారు. వెళ్లేముందు ఆమె జోగమ్మ దగ్గరికి పోయి నిలబడింది.

"నేను చెప్పాను పెద్దమ్మా, వాళ్లు వినలేదు."

"నువ్వు చెప్పుడు నేను విన్న బిడ్డా. నేను వింటె ఏమైతది?" అని జోగమ్మ ఖాళీ బిందె ఎత్తుకుని గట్టు దిగింది.

నన్ను పాత ఇనుములో వేసినా గౌరవంగా ఉండేది. అలా చేయలేదు. పేపర్లో ఆ ఫొటో చూసినవాళ్లు ఆవిరి చూడటానికి రావడం మొదలైంది. చూడదగిన చోటని బోర్డు పెట్టారు. నాకు ఎర్ర రంగు పూశారు. సాయంత్రాలు ఆవిరి అందంగా కనబడాలని చుట్టూ రంగుల బల్బులు కట్టారు. వాటికి కరెంటు కావాలి కదా. వాగు అవతలి బొగ్గు ప్లాంటునుంచి అడవిలోగుండా కొత్త లైను వేశారు. అడవిశాఖ ఒప్పుకుంది. వృథాగా పోతున్న నా వేడిని చూపించడానికి అక్కడ బొగ్గు మండిస్తున్నారు. ఈ తెలివికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియలేదు.

బల్బులు పెట్టిన సాయంత్రం జోగమ్మ గట్టెక్కి వచ్చింది. బిందె దించి, ఎరుపూ పచ్చా అవుతున్న ఆవిరిని కాసేపు చూసింది. నిచ్చెన దిగుతున్న లైన్‌మన్‌ను అడిగింది.

"నీళ్లకు లైను రాదంటిరి గద సారూ. దీనికెట్ల వచ్చింది?"

అతను వినబడనట్టు నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. జోగమ్మ నా దగ్గరికొచ్చి, చీరకొంగు చేతులకు చుట్టుకుని, కాలుతున్న చక్రాన్ని రెండు చేతులా పట్టి మూసేవైపు తిప్పింది. నేను కదల్లేదు. రోజూ అలాగే ఒకసారి తిప్పి చూస్తుంది, రోజూ కదలను. యంత్రం లేదని ఆమెకు తెలుసు. ఊరికే పోతున్నదాన్ని చూస్తూ పోవడం ఆమెకు చేతకాదు, అంతే.

తరవాత కాలువలో మోకాళ్లు తడుపుకుని, నిండు బిందె తొణక్కుండా ఎత్తుకుంటుంది. ఇప్పుడు అందులోంచి ఒక్క చుక్క కూడా నా మీద పోయదు. ఎలా పోస్తుంది, మోసుకొచ్చిన నీళ్లవి.