నర్సింలు నాలుక

నర్సింలు చెక్కపేడును దవడకేసి నమిలి, ఊరిన రసం మింగాడు. కట్టె అసలు రుచి గొంతులోనే తెలుస్తుందని వాళ్ల నాయన నేర్పిన పద్ధతి.

బావి బురదలో ఏళ్లతరబడి నాని నల్లబడ్డ దుంగ అది. బెరడంతా ఊడిపోయి, ఒక్క పగులులో మాత్రం కాస్త మిగిలింది. పగుళ్లు పెరగకుండా రెండు కొసలకూ పేడ మెత్తి, పోయిన ఎండాకాలం నుంచీ నీడన ఆరబెట్టాడు. ఈ పొద్దున కొస కోసి, బాడిశతో చెక్కి, నీళ్లు చల్లి చూశాడు. లోపల ఎరుపు లేదు, బూడిద కలిసిన పసుపు. చెంబులో వేసిన పేళ్లు నీళ్లకు రంగు ఇవ్వలేదు కాబట్టి ఏగిస చెట్టుది కాదు. ఇక నాలుకే దిక్కు.

చేదు తగిలింది.

"యాప," అన్నాడు తనలో తనే.

పెర్కిట్‌లో రోడ్డు వారనే అతని రేకుల కొట్టు, అందులో కట్టె బిగించి నున్నగా చెక్కే మోటారు తరిణె. ఆర్మూరు చుట్టుపక్కల పేరు తెలియని దుంగ ఎవరికి దొరికినా అక్కడికే మోసుకొస్తారు. నర్సింలు వాసన చూసి చెప్పాడంటే ఇక తిరుగులేదు. కానీ కట్టెపొట్టు పీల్చి పీల్చి ఆ ముక్కు ఏనాడో చచ్చింది. మార్కెట్ యార్డుకు వచ్చిన పసుపుతో ఊరు ఊరంతా ఘాటెక్కి ఉన్నా అతనికి తెలియదు. ఈ సంగతి భార్య నీలవ్వకు కూడా చెప్పలేదు. జనానికి తన మాట మీదున్న నమ్మకం తప్ప పాపం అతను సంపాదించుకున్నది ఇంకేమీ లేదు.

దుంగ గంగాబాయిది. బీడీలు చుట్టే మనిషి. వాళ్ల బావి పూడిక తీస్తుంటే దొరికింది. మనవరాలికి పళ్లొస్తున్నాయి. పళ్లొచ్చే పిల్లలకు వేపకట్టె గిలక్కాయ చీకనిస్తే మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. యాప అయితేనే చెయ్యమని ఆమె గట్టిగా చెప్పి పోయింది.

మధ్యాహ్నం నీలవ్వ సద్ది తెచ్చి, పొట్టు చేతిలోకి తీసుకుని చూసింది.

"యాపైతె కొట్టమంత వాసన కొట్టాలె గద. నాకేం వస్తలేదు."

"బాయిల నానిన కట్టెకు వాసన యాడుంటది? పో, నీ పని చూస్కో," అని కసిరాడు.

కసిరాడే కానీ మనసు పీకింది. ఆమె వెళ్లగానే ఇంకో పేడు నమిలాడు. నమ్మకం చాలక, పగులులోని బెరడు గీరి నమిలాడు. అదీ మింగాడు. జొన్నరొట్టె చేదు, నీళ్లు చేదు. వేప చేదు ఇంతసేపు ఉండదు కదా అనుకుంటూనే గిలక్కాయకు ఉలి ఆనించాడు. అందంగా, నున్నగా తేలింది.

లారీ హారన్ కొట్టింది. నర్సింలు ఒళ్లంతా ఎగిరిపడింది. ఇరవై ఏళ్లుగా వింటున్న హారన్ అది. ఇంకోటి మోగింది. మెడ బిగుసుకుంది, దవడ పట్టేసింది. చిన్న చప్పుడుకే ఒళ్లు బిగదీసే విషం. అప్పుడు తెలిసింది అది ఏ చెట్టో. పొలాల గట్లమీద పశువులు కూడా మూతిపెట్టని చెట్టు. అతనికి భయం వేసింది, తన కోసం కాదు.

అప్పుడే గంగాబాయి వచ్చింది. గిలక్కాయ చుట్టుకుపోదామని మెత్తటి పాతచీర ముక్క తెచ్చి, తరిణె బల్లమీద పెట్టి, చెయ్యి చాచింది.

"అయ్యో, ఎంత ముద్దుగున్నదే! పొల్ల పొద్దున్నుంచి ఒకటే ఏడుపు, తీస్కపోత తియ్యి."

యాపేనని తల ఊపితే పరువు దక్కుతుంది. నర్సింలు గిలక్కాయను మొద్దుమీద పెట్టి గొడ్డలి ఎత్తాడు. ఒక్క దెబ్బకు రెండు ముక్కలైంది.

"మతి పోయిందా నీకు?" అని అరిచింది గంగాబాయి. ఆ అరుపుకే అతను విల్లులా వెనక్కి వంగిపోయాడు.

"ఇది ముష్టిచెట్టు కట్టె, అక్కా, ఇసం," అన్నాడు పళ్ల సందుల్లోంచి. "నేనే తప్పు జెప్పిన. నాకు ముక్కు లేదు. దుంగ బొంద తీసి పూడ్చుండ్రి."

గంగాబాయి రోడ్డుమీదికి పరుగెత్తి ఆటో ఆపింది. కేకలు విని ఉరికొచ్చిన నీలవ్వ ఆటోలో అతని తల ఒళ్లో పెట్టుకుంది. దవాఖాన ఇంకా దూరం ఉండగానే నర్సింలు ఒళ్లు సడలింది. ఆ తర్వాత ఎన్ని లారీలు పోయినా ఉలిక్కిపడలేదు.

మర్నాడు దుంగను పూడ్చారు, పొట్టును కూడా ఊడ్చి పూడ్చారు. తరిణె బల్లమీద పాతచీర ముక్క మడత విప్పకుండా అలాగే ఉంది.