పిండి పొంగిన కొట్టు

పెద్దిరాజు కొట్టు తలుపు తీసేసరికి పిండి పొంగి తపేలా మూతను లేపేసి ఉంది. రోజూ అయితే వేలితో తట్టి చూసి మురిసిపోయేవాడు. ఇవాళ చూడనైనా లేదు.

ఢిల్లీ చలికి ఇడ్లీపిండి పులవదు. ధౌలా కువాన్‌లో ఒక కాలేజీ క్యాంటీన్‌లో ఇడ్లీలు వేసే పెద్దిరాజు దానికో ఉపాయం కనిపెట్టాడు. సరోజినీ నగర్‌లో తానుండే ఒంటిగది పక్కన సామాన్లు పడేసే చిన్న కొట్టుగది ఉంది. రాత్రి తపేలా పక్కన కుంపట్లో నాలుగు నిప్పులు పెట్టి, తలుపు సందుల్లో గోనెపట్టా కుక్కేవాడు. అంతే, పిండి పులిసేది.

కానీ తొంభై నాలుగు జనవరి మంచుకి అతని పెంపుడు చిలక ‘చిట్టి’ ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుపోయింది. చేతిలోంచి లాక్కుని తినే పచ్చిమిరపకాయను ముట్టలేదు. పేరు పెట్టి పిలవనూ లేదు. ఈ ఊళ్లో అందరికీ అతను మద్రాసీయే. ‘పెద్దిరాజూ’ అని పిలిచేది అదొక్కటే. అదీ తను నేర్పిన పిలుపే అనుకోండి, అయినా పిలుపు పిలుపే కదా.

“పిండికి పనికొచ్చిన వేడి నీకు పనికిరాదేంటే?” అంటూ పంజరాన్ని కొట్లో పెట్టాడు. కుంపటి నిండా బొగ్గులు పోసి రాజేశాడు. మిరపకాయ దాని ముందే వదిలి, తలుపేసి, గోనెపట్టా ఇంకాస్త గట్టిగా కుక్కాడు. తపేలా సైకిలుకి కట్టుకుని వెళ్లాడు.

క్యాంటీన్‌లో కాలూ చెయ్యీ ఆడలేదు. ఒక వాయి ఉడక్కుండానే దింపేశాడు.

“ఏమైంది అంకుల్?” అంది హాస్టల్లో ఉండే శ్రుతి.

“మా చిట్టికి ఒంట్లో బాలేదమ్మా.”

“మీ పాపా?”

“ఆఁ,” అన్నాడు.

టీ కాచే గఢ్వాలీ బిషన్ సింగ్‌కి మాత్రం అంతా చెప్పాడు. కొట్లో వెచ్చగానే ఉంటుందిలే అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు. బిషన్ సింగ్ చేతిలో గరిటె ఆగిపోయింది.

“బంద్ కమరే మే అంగీఠీ? దమ్ ఘుట్ జాయేగా, భయ్యా.”

మూసిన గదిలో కుంపటి పెడితే మనుషులే ఊపిరాడక పోతారని వాళ్ల కొండల్లో పసిపిల్లలకు కూడా తెలుసట. కాకినాడలో పుట్టినవాడికి ఎవరు చెప్పారు గనక?

పొయ్యి మీది వాయి అలాగే వదిలేసి సైకిలెక్కాడు. ఎర్రలైటు దగ్గర ఆగలేదు. ఎవరో తిట్టారు. తిట్టనీ అనుకున్నాడు.

తలుపు లాగితే వెచ్చటి గాలి మొహాన కొట్టింది. చిట్టి పంజరం అడుగున పక్కకు ఒరిగి ఉంది. బయటికి తెచ్చి గుండెకు అదుముకున్నాడు. “పెద్దిరాజూ అనవే, ఒక్కసారి అనవే,” అని బతిమాలాడు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. అది కుంపటి వేడే. వీధి గుమ్మంలో కూర్చుని, అందరూ చూస్తుండగానే ఏడ్చాడు.

చాలాసేపటికి లేచి పంజరం తీయబోయాడు. కాస్త వెచ్చబడ్డాక లేచి తిన్నట్టుంది పిచ్చిది. పంజరం అడుగు రేకు మీద రెండు మిరపగింజలు, పక్కన సగం కొరికిన పచ్చిమిరపకాయ.