పిడికెడు

రామి శవాన్ని పచ్చడి కంపెనీ వెనక గేటు నుంచి ట్రాలీ ఆటోలో పంపించారు. ముందు గేటు దగ్గర సరుకు లారీ నిలబడి ఉంది, దానికి అడ్డం రాకూడదని సూపర్‌వైజర్ రాజేశ్ ఆజ్ఞ. గోరీ ఆ ఆటో వెంట పది అడుగులు నడిచి ఆగిపోయింది. తన కుడి చేతిని చూసుకుంది. గోళ్ల సందుల్లో తెల్లటి పొడి ఇంకా ఉంది.

ఆ పొడిని అక్కడి ఆడవాళ్లంతా మందు అంటారు. బయ్యారం శివారులోని ఆ షెడ్డులో ఎండాకాలమంతా మామిడి ముక్కలు కోసి, ఉప్పునీటి డ్రమ్ముల్లో ఊరబెట్టి, బూజు పట్టకుండా మందు కలుపుతారు. డ్రమ్ముకు పిడికెడు. ఆ రోజు లారీ తొందర ఉందని, పది డ్రమ్ముల మందూ ఒకే బకెట్లో కలపమన్నాడు రాజేశ్. నిమ్మఉప్పు నీళ్లలో గోరీ పది పిడికిళ్లు వేసింది. రామి వంగి కర్రతో తిప్పింది. ముక్కుపుటాలు మండించే ఘాటు లేచింది. రామికి ముందునుంచీ ఆయాసం. రెండుసార్లు దగ్గి, గోడ పట్టుకుని జారిపోయింది. దుమ్ము రాకూడదని కిటికీలకు ప్లాస్టిక్ పట్టాలు కొట్టి ఉన్నాయి. గాలిని బయటికి తోసే ఫ్యాన్ ఉగాదికి ముందే చెడిపోయింది.

సాయంత్రానికి తండాలో రెండు మాటలు పాకాయి. రామికి గాలి సోకిందని ఒకటి. అది ఒక రకంగా నిజమే, కాని ఆ గాలి ఏ చెట్టు మీదినుంచీ దిగలేదు, బకెట్లోంచి లేచింది. రెండో మాట కంపెనీ నుంచి వచ్చింది. గోరీ మందు ఎక్కువ వేసి మనిషిని చంపిందని, ఆమె మీద ఠాణాలో ఫిర్యాదు ఇచ్చారని.

ఆ రెండో మాటను అందరికంటే ముందు నమ్మింది గోరీయే. ఆ రోజు నుంచి ఆ చేత్తో అన్నం ముట్టలేదు.

నాలుగో రోజు రామి ఇంటి ముందు పనివాళ్లంతా కూడారు. మందంటేనే విషమని, డ్రమ్ములు పగలగొట్టి తగలబెడదామని కవిత లేచింది. చాలామంది ఔనన్నారు. రామి కూతురు నవ్య మానుకోటలో డిగ్రీ చదువుతోంది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో ఆమె అడ్డుపడింది.

"ఇసం గాదక్కా. దీన్ని సల్ఫైటు అంటరు. బూజు ఆపుతది. ఉప్పు గూడ గా పనే చేస్తది. మా అమ్మ లెక్క ఆయాసం, దమ్మున్నోళ్లకు కొంచెమైనా పడది, మిగిలినోళ్లకు కొలిచి ఏస్తె ఏంగాదు. కొలువకుంట, తలుపులు మూసినకాడ పులుపు నీళ్లల్ల పోస్తె మనిషిని తీస్తది." ఆమె గోరీ వైపు తిరిగింది. "చిన్నమ్మా, ఎంత ఏసినవు?"

గోరీ తల ఎత్తలేదు. "రోజు ఏసినంతనే బిడ్డా. డ్రమ్ముకు పిడికెడు."

"ఎవలి పిడికెడు?"

ఆ ప్రశ్న మొదట ఎవరికీ అందలేదు. పనివాళ్లలో పెద్దదైన కొమురవ్వ తన అరచేతిని గోరీ అరచేతి పక్కన పెట్టి చూసి, "నీది పిట్ట పిడికిలి, నాది గంప," అన్నది. నలుగురు నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కంపెనీలో తూకం యంత్రం లేక కాదు. ఒకటుంది, ప్యాకింగ్ గదిలో. సీసాలో రెండు గ్రాములు తగ్గితే పట్నం దుకాణాలు సరుకు వాపసు పంపుతాయి, కనుక అది ఆ గది దాటి రాలేదు.

"సీసకు తూకముంది," అన్నది కొమురవ్వ. "మన ముక్కుకే లేదు."

మర్నాడు ముప్పై ఒక్క మంది గేటు ముందే కూర్చున్నారు. గోరీని తీసుకుపోవడానికి ఎస్సై జీపులో దిగేసరికి, ప్యాకింగ్ ఆడవాళ్లు తూకం యంత్రాన్ని బయటికి మోసుకొచ్చి ఉప్పు బస్తా విప్పారు. ఒక్కొక్కరూ పిడికెడు ఉప్పు తీసి పెట్టారు. గోరీది నలభై రెండు గ్రాములు. కవితది యాభై ఏడు. కొమురవ్వది ఎనభై ఒకటి. నవ్య అంకెలన్నీ గేటు రేకు మీద మార్కరుతో రాసింది. మందు బస్తా మీద అచ్చువేసిన కొలతకు వాటిలో ఒక్కటీ దగ్గరగా లేదు.

కొమురవ్వ రాజేశ్‌ను పిలిచింది. "పిడికెడు ఎయ్యిన్రి అని మాకు సూపెట్టింది నువ్వే గద కొడుకా. జర నీ చెయ్యి గూడ పెట్టరాదు."

రాజేశ్ చెయ్యి జేబులోకి పోయింది.

ఆ రోజు వేసింది ఎవరని ఎస్సై అడిగాడు. ఎవరూ మాట్లాడక ముందే గోరీ లేచింది.

"నేనే సారు. అబద్ధమాడ. నా చెయ్యి నలభై రెండు, రాసుకో. అన్ని ఒక్క బకెట్ల కలుపుమన్నది ఎవరో రాసుకో. ఫ్యాను ఖరాబై ఎన్ని నెలలైందో గది గూడ రాసుకో."

ఎస్సై ఏమీ రాసుకోలేదు. ఫిర్యాదులో ఒక్క పేరే ఉందన్నాడు. గోరీని ఎక్కించుకుని జీపు కదిలింది. గోరీ వెనక్కి చూసింది. ఆడవాళ్లు నినాదాలు ఇవ్వడం లేదు. ఉప్పు పట్టిన పిడికిళ్లు విప్పకుండా, ఎర్రటి ఎండలో, ఠాణా వైపు నడిచి వస్తున్నారు.

షెడ్డులో మందు కలపని డ్రమ్ముల మీద మూడో నాటికి తెల్లటి బూజు కట్టింది. ఆలోగా జనగామ పక్క సాసు కంపెనీలో ఒకామె మేస్త్రీని అడిగిందట, భూపాలపల్లి రొట్టెల బట్టీలో ఇంకొకామె అడిగిందట: ఎవలి పిడికెడు?

అదంతా గోరీకి తరువాత తెలిసింది. జీపెక్కించిన ఆ మధ్యాహ్నం మాత్రం కానిస్టేబులు అన్నం పొట్లం నేల మీద పెట్టి పోయాడు. ఠాణా గోడ అవతల అడుగుల చప్పుడు వచ్చి ఆగింది. కొమురవ్వ దగ్గు, నవ్య బొంగురు గొంతు గుర్తుపట్టింది. గోరీ పొట్లం విప్పి, ఉప్పు అంటిన కుడి చేత్తో అన్నం కలిపింది.