పైమేకు

మా గైడ్ల గుడిసె గోడ మీద ఒక్కో వాలు పేరు రాసి, దాని కింద వరుసగా మేకులు కొట్టి ఉంటాయి. ఏ వాలు మీద మంచు విరిగిపడేలా ఉందనిపిస్తే, ఆ పేరు కింద మా పేరున్న చెక్క పలకని ఎర్రవైపు తిప్పి తగిలిస్తాం. పెద్దవాళ్ళది పైన, చిన్నవాళ్ళది కింద. ముప్ఫై శీతాకాలాలుగా పైమేకు నాదే.

నిన్న సుబామె లోయ పేరు కింద ఒక్కటే ఎర్ర పలక వేలాడింది. మా అమ్మాయి చిగుసాది. గైడుగా ఆమెకిదే మొదటి ఏడు. శిఖరం కూతవేటు దూరంలో ఉండగా ఒసాకా అతిథులు ఐదుగురినీ వెనక్కి తిప్పుకొచ్చింది. మధ్యాహ్నం ఇంకో గైడు ఇవానె తన జట్టుని అదే వాలు మీద స్కీలపై నిక్షేపంగా దింపాడు.

"ఏం పెద్దాయనా, మీ అమ్మాయికి మంచంటే భయమా? ఊళ్ళో బొమ్మల కొట్టు పెట్టించకపోయావా? రేపు ఆరుగురిని తీసుకెళ్తున్నా, అక్కడికే!" అన్నాడు అందరి ముందూ. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి అరిచాను. "నా పరువు తీశావు కదే!"

"వాళ్ళు బతికొస్తే కొండ మంచిదైపోతుందా నాన్నా? పొద్దున్నే వచ్చి నువ్వే చూడు. నాది తప్పయితే ఈ పని మానేస్తా."

పంతం కొద్దీ తెల్లవారుతూనే చిగుసాతో వెళ్ళాను. మంచు నిలుస్తుందో జారుతుందో చూడటానికి గట్టు మీద దేవదారు పక్కన, నేనెప్పుడూ తవ్వే చోటే తవ్వాను. మంచుని స్తంభంలా కోసి, పైన పార బోర్లించి, మణికట్టుతో పది దెబ్బలు, మోచేతితో పది, భుజం ఎత్తి పది. చెక్కు చెదరలేదు.

"చూశావా?"

"గాలికి కొత్త మంచు నిలవదక్కడ. తవ్వడం సుళువని ముప్ఫై ఏళ్ళుగా అక్కడే తవ్వుతున్నావు. మనుషులు దిగేది ఇటు కదా నాన్నా?"

ఒళ్ళు మండింది. ఇరవై అడుగులు నడిచి, లోయ వైపే తిరిగి ఉన్న చిన్న దిబ్బలో తవ్వాను. పదకొండో దెబ్బకి మూరెడు మందం పైమంచు ఒక్క పెళ్ళగా జారి నా ఒళ్ళో పడింది. అడుగున, పోయిన వారం చలికి పుట్టిన సన్నటి పలుకులు పంచదారలా మెరిశాయి. కొత్త మంచు అంతా వాటి మీదే కూర్చుని ఉంది.

ముందు భయమేసింది. నేను తవ్విన గుంటని నమ్మి ఎంతమందిని దింపానో! ఆ వెంటనే గుండె ఉప్పొంగింది. నా కూతురు! నాకు కనబడనిది చూసింది. దెప్పలేదు కూడా, నా మోకాళ్ళ మీది మంచు దులిపింది, అంతే.

గుడిసెలో ఇవానె జట్టు స్కీలు సర్దుకుంటోంది. నేను చిగుసా పలక తీసి పైమేకుకి తగిలించాను. దాని కింద నాది, ఎర్రవైపు.

"మతిపోయిందా పెద్దాయనా? నిన్న అక్కడేం పడలేదే!" అని నవ్వాడు ఇవానె.

"పడకపోవడం నీ అదృష్టంరా. ఇవాళ పదకొండో దెబ్బకి నా ఒళ్ళో పడింది."

ఇవానె నవ్వు ఆగిపోయింది. తడిసిన నా మోకాళ్ళ వైపు చూశాడు.

"నా కింద ఇంకో మేకు ఖాళీగా ఉంది," అన్నాను.

ఆరుగురూ చూస్తుండగా తన పలక ఎర్రవైపు తిప్పి తగిలించాడు. మా ఇద్దరికీ పైన, మా చిగుసా పేరు.