రుతుజ రాసిన కంపైలర్

నాగ్‌పాడా మూల మీద సెంట్రింగ్ సామాను అద్దెకిస్తాను. స్లాబు గట్టిపడేదాకా నా పలకలు దాని కింద నిలబడతాయి. గట్టిపడ్డాక ఊడి గోదాముకు తిరిగొస్తాయి. సైటులో ఒక్క పలక వదిలినా నష్టమే. ఇన్నేళ్ళూ నాకు తెలిసిన లెక్క అది.

మా అమ్మాయి రుతుజ ఈ వానాకాలంలో డెంగీతో పోయింది. ఆమె, మా చాల్‌లోనే, ఈ వరుస గదుల్లోనే ఉండే తుషార్ కాలేజీలో కలిసి కంపైలర్ల పాఠం చదివారు. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేదే కంపైలర్. ఇద్దరూ ఒక చిన్న కొత్త భాష తయారు చేసుకున్నారు. దానికి మొదటి కంపైలర్ రుతుజ రాసింది. రెండోది ఆ కొత్త భాషలోనే రాస్తానన్నాడు తుషార్. రాశాడు. మొన్న ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఒంటిగది ఖోలీకి వచ్చాడు.

“కాకా, రుతుజ కంపైలర్ నాదాన్ని తయారు చేసింది. ఇప్పుడు నాది తనను తానే తయారు చేసుకుంటది. ఇగ ఆమెది అక్కర్లే.”

“అక్కర్లేదా?”

“మొహం మీదనే అంటావారా? నోట్లె మిరపకాయ పెడత,” పొయ్యి దగ్గర్నుంచి నా భార్య రత్నాబాయి కసిరింది.

“అట్ల కాదు కాకూ. అప్పుడే పని పూర్తయినట్టని రుతుజనే అన్నది.”

రుతుజదీ సెంట్రింగ్ లాంటిదేనని నాకర్థమైంది. కాని పలక ఊడదీసినా స్లాబు అడుగున చెక్క గీతలు అచ్చుపడి ఉంటాయి. ప్లాస్టరింగ్ అయ్యేదాకా నా పలకను గుర్తుపట్టగలను.

“ఆమెది ఏమన్నా మిగిలి ఉంటదారా లోపల?”

“చూద్దాం కాకా. నాదాన్ని ఇంకోసారి తనను తాను తయారు చేసుకోనిస్త. ముందుదీ ఇదీ పక్కపక్కన పెడత. రుతుజ దాంట్ల గల్తీ ఉంటే నా దాంట్లకి దిగి ఉంటది. అప్పుడు తేడా వస్తది.”

“రాకపోతే?”

“అంతా బరాబర్ ఉన్నట్టు. ఆమెది జాడ కూడా ఉండదు.”

మచ్చ ఉన్న సరుకు నేనెప్పుడూ గుమ్మం దాటనివ్వలేదు. ఆ పూట మచ్చనే కోరుకున్నాను. నా బిడ్డ చేసిన తప్పు ఒకటి దొరికితే చాలు. దాన్ని దిద్దకురా, అట్లనే ఉంచురా అని తుషార్‌ను బతిమాలడానికి సిద్ధపడ్డాను.

అతను ఏదో కొట్టి ఎంటర్ నొక్కాడు. చిన్న గీత ఒకటి కింది వరుసకు దిగి మినుకుతూ నిలబడింది. తెర మీద ఇంకేమీ రాలేదు.

“బంద్ పడ్డదారా?”

“లేదు కాకా. తేడా ఉంటేనే చూపిస్తది.” తుషార్ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. “ఒక్క గల్తీ కూడా చెయ్యలే ఆమె.”

రత్నాబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “అంటే పిల్ల పాసైందా?”

“పాసైంది కాకూ.”

ఆమె చక్కెర డబ్బా తెచ్చింది. అతని నోట్లో ఇంత వేసి, తర్వాత నా నోట్లో వేసింది. నేను దాన్ని బుగ్గనే పెట్టుకున్నాను.

“మింగవయ్యా,” అంది, నా గడ్డం పట్టుకుని. “పాసైన పిల్ల చక్కెర ఉమ్ముతావా?”