బావ చేను

మా బావ కాలికి బలపం కట్టుకుని పుట్టాడు. సెలవు దొరికితే చాలు, పట్నం జనాన్ని పోగేసి పొలాల గట్ల మీద నడిపిస్తూ, కనబడిన ప్రతి రాయికీ ఓ చరిత్ర చెబుతాడు. చరిత్ర దొరక్కపోతే అల్లుతాడు. జనాన్ని తీసుకొచ్చే ముందు ఒకసారి తానే వచ్చి దారి చూసుకోవడం ఆయన పద్ధతి. ఆ రోజు అక్కా నేనూ కూడా బయలుదేరాం.

"మీ బావకి ముందు కథ కనబడుతుంది, తర్వాతే గొయ్యి కనబడుతుంది. నా మోకాళ్ళు సాగవు. నువ్వు ఆయన పక్కనే ఉండవే," అంది అక్క. సరేనన్నాను.

నాది అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. మందుసీసా మీది చీటీలో కూడా తప్పులు వెతికే రకాన్ని. బావ చెప్పే చరిత్రలంటే నాకు ఒళ్ళు మంట. అందుకే ఒక ఉపాయం కనిపెట్టాను. ఆయన కథ రసపట్టులో పడగానే "బావా!" అని కేకేయడం, కంగారుగా వెనక్కి తిరిగితే "ఏం లేదు, ఊరికే" అనడం. మొదట్లో ఉడుక్కున్నాడు. మధ్యాహ్నానికి తిరిగి చూడటమే మానేశాడు.

పాత ఊరి మొండిగోడలు దాటాక ఓ పల్లపు చేను వచ్చింది. చుట్టుపక్కల పొలాలన్నీ దున్ని ఉన్నాయి. నాగలి చాళ్ళు ఆ చేను దాకా వచ్చి, పక్కకి తిరిగి వెళ్ళిపోయాయి. లోపల మోకాలెత్తు పచ్చిక. గట్టు బయట ఒకావిడ మేకలు కాస్తోంది.

"బావ చేను ఇదేనా అమ్మా?" అని అడిగాడు బావ.

"ఇదే బాబూ. లోపలికి మాత్రం వెళ్ళకండి."

"ఏం, ఎందుకని?"

"ఏమో. మా అత్త వద్దనేది. ఆవిడకి వాళ్ళత్త చెప్పిందట. మా మేకలు కూడా గట్టు దాటవు."

నిజమే. అవి ఎండుగడ్డి కొరుకుతున్నాయి తప్ప ఒక్కటీ ఆ పచ్చిక వైపు మూతి పెట్టలేదు. నాకెందుకో భయం వేసింది. ఆవిడ మందను తోలుకుని వెళ్ళిపోయాక ఆ భయం ఇంకా పెరిగింది.

బావకి మాత్రం పండగే. గట్టు మీద ఓరగా ఒరిగిన రాయిని చూపించాడు. పాచి పట్టిన రాతి మీద రెండే అక్షరాలు: బావ.

"పాత ఊరు ఖాళీ అయ్యాక వచ్చినవాళ్ళు ఈ రాయి చదివే చేనుకి పేరు పెట్టుకున్నారు. మరదలి కోసం ఎదురుచూసి చూసి ఇక్కడే ప్రాణం వదిలాడన్నమాట ఆ బావ!"

"ఆ మరదలికి వేరే పనుండి ఉంటుంది," అన్నాను.

"నీకు హృదయం లేదోయ్. మధ్యలో చూడు, ఎంత చదునుగా ఉందో. మనవాళ్ళు కూర్చుని తినడానికి భేషుగ్గా ఉంటుంది. చూసొస్తా."

"ఆవిడ వద్దంది కదా బావా!"

"వద్దన్నచోటే ఉంటుంది చరిత్ర," అంటూ గట్టు దిగాడు.

నేనూ వెంట వెళ్ళాల్సిందే. అక్కకి మాటిచ్చాను కూడా. కానీ ఆ రాయి నన్ను వదల్లేదు. ఎవరి బావ? పేరు లేకుండా, వరస మాత్రం ఎవరు చెక్కిస్తారు? అక్షరాల తలల మీదే పాచి మందంగా ఉంది. జడలోని పిన్ను తీసి గీకడం మొదలుపెట్టాను.

"మరదలా!" చేను మధ్య నుంచి బావ గొంతు ఉత్సాహంగా వినిపించింది. "ఇక్కడ నేల మోగుతోందోయ్! కింద ఏదో ఉంది!"

'బా' సరిగానే ఉంది. 'వ' మీద తలకట్టు కోసం వెతికాను. తలకట్టు లేదు. పాచి పెచ్చు ఊడి, దాని కింద గుండ్రంగా గుడి బయటపడింది.

పిన్ను పారేసి లేచాను.

"బావి!" అని అరిచాను. "బావి! బావి!"

ఎదురుగాలి. ఆయన వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం ఊపాడు.

"తెలుసులేవోయ్! ఏం లేదు, ఊరికే!" అని నా మాట నాకే అప్పజెప్పాడు. ఆ మోత నాకు వినిపించాలని మడమతో నేలని గట్టిగా తన్నాడు.

పెద్ద చప్పుడేమీ రాలేదు. ఆయన నిలబడ్డచోట పచ్చిక కుంగింది. ఊపుతున్న చెయ్యి కూడా దాంతోపాటే పోయింది. కాసేపటికి ఎక్కడో చాలా లోతున నీళ్ళు కదిలినట్టు వినిపించింది. తర్వాత అదీ లేదు.

పిలిచాను. పిలుస్తూనే ఉన్నాను. కింద నుంచి ఉలుకూ పలుకూ లేదు.

వెనకబడిన అక్క అప్పటికి రొప్పుతూ గట్టెక్కింది. ఖాళీ చేను వైపు చూసింది.

"మీ బావేడే?"

చెయ్యెత్తి చేను మధ్యకి చూపించి, "బావి," అన్నాను.

"ఇంకా ఆ ఆటేనా? ఎక్కడ నక్కాడో చెప్పవే," అని నవ్వుతూ అక్క గట్టు దిగబోయింది. నేను కిందపడి రెండు చేతులా ఆమె కాళ్ళు చుట్టేశాను.